వెన్నులో వేసే మత్తు సూది వల్లే ఏళ్ల తరబడి నడుము నొప్పి వస్తుందా?

ఓరుగల్లు చదువరి:
హనుమకొండలో మా వాడకట్టులో సిజేరియన్ అయిన ఏ ఇల్లాలిని కదిపినా "ఆ నడుముల సూది వేసిన కాడి నుంచే ఈ నొప్పి" అంటున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే కనుక ఇది ఒకరిద్దరి గోడు కాదు. మెదడు నుంచి దిగివచ్చే వెన్నుపాము ఉన్న చోట సూది గుచ్చితే దానికి ఎంతో కొంత గాయం కాక తప్పదని, నొప్పి నిలిచిపోవడానికి అదే మూలమని నా వాదన. కాదనేవారు కారణం చూపి కాదనాలి.

మత్తు విభాగం, వరంగల్:
చదువరి గారూ, సూది గుచ్చే చోట వెన్నుపాము ఉంటుందన్న ఊహ మీదనే మీ వాదన అంతా నిలబడి ఉంది. పెద్దవారిలో వెన్నుపాము పుర్రె అడుగున మొదలై, సుమారు 45 సెంటీమీటర్లు సాగి, నడుములోని ఐదు పూసల్లో మొదటి, రెండవ పూసల దగ్గరే సాధారణంగా ముగిసిపోతుంది. పుట్టిన బిడ్డలో దాని కొస మూడవ పూస దాకా ఉంటుంది; ఆ తర్వాత వెన్నెముక దానికన్నా వేగంగా పెరగడం వల్ల కొస పైననే మిగిలిపోతుంది. అయితే దాన్ని చుట్టిన పొరల సంచీ, అందులోని నీరూ ఇంకా కిందికి, నడుము పూసల కింద ఉండే త్రికాస్థి అనే ఎముకలోని రెండవ పూస వరకు దిగుతాయి. అక్కడ నీటిలో ఉండేవి కాళ్లకు, మూత్రాశయానికి పోయే నరాల పోగులు మాత్రమే. ఆ కుచ్చుకు వైద్యశాస్త్రం గుర్రపు తోక అనే పేరే పెట్టింది.

మేము సూది వేసేది మూడు, నాలుగు పూసల సందులో గానీ, దాని కింది సందులో గానీ. మనిషిని ముందుకు వంచి కూర్చోబెట్టి, తుంటి ఎముకల పై అంచులను రెండు చేతులతో తడిమి, వాటిని కలిపే గీత వెన్ను మీద ఎక్కడ పడుతుందో బొటనవేలితో చూస్తాము. అది దాదాపు నాలుగవ పూస మీద పడుతుంది. చర్మాన్ని, పూసలను కలిపి ఉంచే కట్లను దాటి గట్టి పొరను చీల్చినప్పుడు వేలికి చిన్న కుదుపు తెలుస్తుంది, సూది వెనుక తేటనీటి చుక్క కనబడుతుంది. అది కనబడిన తర్వాతే సుమారు రెండు మిల్లీలీటర్ల మందు ఎక్కిస్తాము. ముందు పాదాలు వెచ్చబడతాయి, ఆ వెనుక కాళ్లు బరువెక్కుతాయి, కొన్ని గంటల్లో అంతా దిగిపోతుంది.

గుచ్చిన చోట కొద్ది రోజులు సలుపు ఉండడం నిజమే. కానీ నెలల తరబడి ఉండే నొప్పి సంగతి వేరు. గర్భిణుల్లో సుమారు సగం మందికి కాన్పుకు ముందే, సూది మాట లేకుండానే నడుము నొప్పి ఉంటుంది: కడుపు బరువు నడుమును ముందుకు లాగుతుంది, కీళ్ల కట్లు వదులవుతాయి. ఆ మీదట బాలింత రాత్రింబవళ్లు వంగి కూర్చుని పాలిస్తుంది.

కాజీపేట వాసి:
డాక్టర్ గారూ, పుస్తకంలోని నడుము అందరికీ ఉండదు కదా. కొందరిలో వెన్నుపాము మరికొంత కిందికి దిగి ఉంటుందని, చేతితో తడిమి ఎంచుకున్న సందు ఒకటి పైకి పోవచ్చని మీ వాళ్లే ఒప్పుకుంటారు. మా చెల్లెకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పలుమార్లు గుచ్చారు. తర్వాత కూర్చుంటే తల పగిలిపోయేది, పడుకుంటే తగ్గేది. ఎందుకని అడిగితే చెప్పిన నాథుడు లేడు. మెదడుకే దెబ్బ తగిలిందని ఇంట్లో అందరం హడలిపోయాము.

మత్తు విభాగం, వరంగల్:
అన్నా, మీరు చెప్పిన రెండు సంగతులూ నిజమే. అందుకే ఎప్పుడూ కింది సందునే ఎంచుకోవాలి. ఇక తలనొప్పికి కారణం మెదడు దెబ్బ తినడం కాదు. సుమారు 1400 గ్రాముల మెదడు ఆ నీటిలో తేలుతూ 50 గ్రాముల పాటి బరువే మోపుతుంది. మెదడు చుట్టూ, వెన్నులో కలిపి ఉండే ఆ నీరు మొత్తం 150 మిల్లీలీటర్లే కనుక, సూది రంధ్రం గుండా కొంత కారినా మనిషి లేచి కూర్చున్నప్పుడు మెదడు కాస్త కిందికి జారి పొరలను లాగుతుంది. 1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఈ పద్ధతిని మొదలుపెట్టిన ఆగస్ట్ బియర్ కూడా తన మీద ప్రయోగం చేయించుకొని ఇదే తలనొప్పితో మంచం పట్టారు. ఇప్పటి సన్నని, పెన్సిల్ మొన సూదులతో ఇది బాగా తగ్గింది. తగ్గకుంటే రోగి రక్తాన్నే కొద్దిగా తీసి, పొర వెలుపల ఎక్కించి రంధ్రాన్ని మూసే చికిత్స ఉన్నది. మీ చెల్లెకు ఇది ముందుగా చెప్పకపోవడం వైద్యుల తప్పే.

జనగామ టీచర్:
చదువరి గారి ప్రశ్నకు జవాబు దొరికిందనే అనుకుంటున్నాను, కానీ సూదికి భయపడి పూర్తి మత్తు అడిగేవారు మా ఊళ్లో పెరుగుతున్నారు. అది మరింత క్షేమమా?

మత్తు విభాగం, వరంగల్:
కాదమ్మా. గర్భిణికి పూర్తి మత్తు ఇస్తే గొంతులో గొట్టం వేయడం కష్టం కావచ్చు, కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఎక్కువ. రక్తం గడ్డకట్టనివారికి, సూది వేసే చోట చీము ఉన్నవారికి మాత్రం వెన్ను సూది పనికిరాదు. సూది తర్వాత మందు దిగిపోయాక కూడా కాళ్లు కదలకపోయినా, మూత్రం ఆగిపోయినా, జ్వరంతో వెన్ను నొప్పి పెరుగుతున్నా, నడుము నొప్పే కదా అని కాపడం పెడుతూ ఇంట్లో కూర్చోకుండా, ఎంత రాత్రయినా ఆసుపత్రికి తీసుకురండి.

ఓరుగల్లు చదువరి:
వెన్నుపాము సంగతి ఒప్పుకుంటాను. అయితే ఒక సందు పైకి పోయిందా లేదా అన్నది స్కాన్‌తో చూసి సూది వేసే వీలుండగా, అన్ని ఆసుపత్రుల్లోనూ ఎందుకు చూడరన్నది నా తర్వాతి ప్రశ్న.