ఐక్యతా వారపు ఉమ్మడి ఆరాధనలో ప్రభురాత్రి భోజనం ఉండాలా?

సి.ఎస్.ఐ. సభ్యుడు:
అందరికీ ప్రభువు నామమున వందనాలు. జనవరి 18 నుంచి 25 వరకు జరిగే క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారంలో ఉమ్మడి ఆరాధన జరపాలని మా పట్టణంలోని సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు, కథోలిక సంఘాల పెద్దలు సంకల్పించారు. వాక్యపఠనానికి, కీర్తనలకు, విజ్ఞాపన ప్రార్థనలకు ఎవరూ అడ్డు చెప్పలేదు కానీ, ప్రభురాత్రి భోజనం దగ్గర, అంటే యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ‘బల్ల’ దగ్గర మాట ఆగిపోయింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు, బిషప్పుల వ్యవస్థ ఉన్నవారూ లేనివారూ ఒకే బల్ల దగ్గరకు వచ్చారు. అలాంటి సంఘంలో పెరిగిన మనం బల్ల లేని ఐక్యతా ఆరాధనతో ఎందుకు తృప్తి పడాలి?

కథోలిక విశ్వాసి:
మీరు 1947ను గుర్తుచేశారు కాబట్టి 1919ని కూడా తలచుకోవాలి. ఆ ఏడాది తరంగంబాడిలో దోర్నకల్ బిషప్ అజరయ్య గారు తదితరులు ఐక్యతకు పిలుపునిచ్చాక, ఆ బల్ల దగ్గరకు చేరడానికి 28 ఏళ్ల చర్చలు పట్టాయి. అజరయ్య గారు ఆ రోజు చూడకుండానే 1945లో కన్నుమూశారు. అన్నేళ్ల పనిని ఒక్క సాయంత్రపు కార్యక్రమం మీద మోపడం న్యాయమా? ఇతర క్రైస్తవులతో కలిసి ప్రార్థించమని మా బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1964లోనే మమ్మల్ని ప్రోత్సహించింది. అయితే పూర్తి ఐక్యత లేని సంఘాల బోధకులతో కలిసి మా గురువులు బలిపూజ (మా ప్రభురాత్రి భోజన ఆరాధన) అర్పించకూడదని 1983 నాటి కానన్ చట్టం, అంటే మా సంఘ నియమావళిలోని 908వ నిబంధన స్పష్టంగా చెబుతోంది. మీరు బల్ల పెడితే మా వాళ్లు బెంచీల్లోనే కూర్చుండిపోతారు, ఐక్యత కోసం చేరిన సభలోనే చీలిక అందరి కళ్లకూ కనబడుతుంది. బలిపూజ కాని ఆరాధనలో మీ సంఘకాపరి ప్రసంగించడానికి మాకు అభ్యంతరం లేదు. బల్లకు బదులు అందరం కలిసి బాప్తిస్మపు ప్రమాణాలను నూతనపరచుకుందాం.

బాప్టిస్టు సంఘ పెద్ద:
ఆ ప్రత్యామ్నాయం మాకు బల్లకంటే కష్టం. 1878 జూలై 3న ఒంగోలు మిషన్ వారు ఒక్క రోజులో 2,222 మందికి నీటిలో ముంచి బాప్తిస్మమిచ్చారు. సొంత నోటితో విశ్వాసం ఒప్పుకున్నవారికే బాప్తిస్మం అన్నది మా సాక్ష్యం. మిగతా సంఘాల్లో పసితనంలో పొందినదాన్ని కూడా అదే బాప్తిస్మం అని ప్రకటించే ప్రమాణాన్ని మా చేత పలికించవద్దని మనవి.

లూథరన్ స్త్రీల సమాజ సభ్యురాలు:
అన్నయ్యలారా, కీర్తనల విషయంలో ఈ తగవు ఎన్నడూ లేదు. బాప్టిస్టు బోధకుడైన పురుషోత్తమ చౌదరి గారి పాటలను లూథరన్, సి.ఎస్.ఐ. దేవాలయాల్లో తరతరాలుగా పాడుతున్నాం. నాకు బల్లకంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. 2013లో ఐక్యతా వారపు ఆరాధన క్రమాన్ని మన దేశపు విద్యార్థి క్రైస్తవ ఉద్యమమే దళితుల బాధను ముందుంచి, మీకా 6:6-8 ఆధారంగా సిద్ధం చేసింది. ఒకే సిద్ధాంతాన్ని నమ్ముతూ కూడా కులాన్ని బట్టి వేరువేరుగా కూడుకునే సంఘాలు మన ఊళ్లలో ఉన్నాయి కదా, ఆ పాపపు ఒప్పుకోలును అందరి నోటా పలికించడానికి ఏ నిబంధన అడ్డు వస్తుంది?

సి.ఎస్.ఐ. సభ్యుడు:
ఒప్పుకోలు ప్రార్థన తప్పక ఉండాలి, దాన్ని రాసే పని సోదరి గారి సమాజమే తీసుకోవాలి. బల్ల విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది. ఈసారి అది లేకపోతే, ఎందుకు లేదో సభకు బాహాటంగా చెప్పాలి. ఏమీ జరగనట్టు ఆశీర్వాదం పలికి పంపించడం నాకు సమ్మతం కాదు.

కథోలిక విశ్వాసి:
అది చెప్పవలసింది మా గురువులే. ఒప్పుకోలు తరువాత, కానుకకు ముందు అందుకు సమయం కేటాయించమని కోరతాను.