భీమిలి తీరం చూడబోయేవారు ఊళ్ల బస్సు ఎక్కడం సబబేనా?

మధురవాడ నివాసి:

విశాఖపట్నం నుంచి భీమిలికి వెళ్లడానికి ఒకటికి మించి దారులున్నాయని మనలో చాలామందికి తెలిసినా, సముద్రం చూద్దామని బయలుదేరేవారు దాదాపు అందరూ రుషికొండ, మంగమారిపేట మీదుగా తీరాన్ని ఆనుకుని సాగే బీచ్ రోడ్డునే ఎంచుకుంటారు. రైల్వే స్టేషను నుంచి వచ్చే 900కె బస్సు కూడా ఆ దారినే పోతుంది. నేను రాయదలచుకున్నది మరో దారి గురించి. ఆనందపురం మీదుగా తగరపువలస చేరి, అక్కడ బస్సు మారి, చిట్టివలస మీదుగా భీమిలికి దిగే దారి అది.

గత నెలలో ఒక ఆదివారం మా నాన్నగారిని వెంటబెట్టుకుని ఆ దారిలో వెళ్లాను. ఆనందపురం పూల మార్కెట్టు దగ్గర ఒకామె చామంతుల మూటతో ఎక్కి, దాన్ని ఒళ్లో పసిబిడ్డలా పట్టుకుని కూర్చుంది. అక్కడినుంచి తగరపువలస వరకు జాతీయ రహదారే కనుక చెప్పుకోదగినది పెద్దగా లేదు. అసలు ప్రయాణం తగరపువలసలో బస్సు మారాక మొదలైంది. చిట్టివలస జనపనార మిల్లు దగ్గరకు వచ్చేసరికి నాన్నగారు మాట ఆపి, కిటికీలోంచి ఆ గోడ దాటిపోయేదాకా అటే చూస్తూ ఉండిపోయారు. 2009లో మూతపడిన ఆ మిల్లులో ఆయన చిన్ననాటి స్నేహితులు ఇద్దరు పనిచేసేవారు. తర్వాత పొలాలు, తాటిచెట్లు, ఎడమ వైపున అక్కడక్కడ కనిపిస్తూ మాయమయ్యే గోస్తనీ నది. బొర్రా గుహల దగ్గర కొండల్లో పుట్టిన ఆ నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని బడిలో చదువుకున్నాను కానీ, అది వెడల్పవుతూ, నెమ్మదిస్తూ సముద్రానికి చేరువ కావడం బస్సులో కూర్చుని చూసినప్పుడే నాకు మనసుకెక్కింది. అలలు కంటపడడానికి చాలా ముందే బస్సు నిండా ఉప్పు వాసన పరుచుకుంది. పది కిలోమీటర్లు కూడా లేని ఆ దారిలో సముద్రం మనకు కొంచెం కొంచెంగా దగ్గరవుతుంది.

అందుకే నా అభిప్రాయం ఇది: తీరం చూడబోయేవారు కార్లు ఇంట్లో వదిలి ఈ ఊళ్ల బస్సులే ఎక్కాలి. దీనికి మీరేమంటారు?

తగరపువలస ఉద్యోగిని:

మీరు రాసింది ఆప్యాయంగా ఉంది, చదువుతుంటే నాకు కూడా ఆ దారి కొత్తగా కనిపించింది. అయినా నేను మీతో ఏకీభవించలేను. వారానికి ఆరు రోజులు ఉద్యోగం కోసం అదే బస్సులో భీమిలి వెళ్లి వచ్చే మనిషిని నేను. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై, పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక, అంతకుముందు ఆటోకు డబ్బులు లేక ఇంట్లోనే ఉండిపోయినవారు కూడా పనులకు, ఆసుపత్రికి, సంతకు బయటికి వస్తున్నారు. అది ఎంతో మంచి మార్పు. అయితే రద్దీ పెరిగినంతగా సీట్లు పెరగలేదు.

కార్తిక మాసంలో ఆదివారం వనభోజనాలకని పదీ పన్నెండు మంది ఒక గుంపుగా ఎక్కితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. చంటిబిడ్డను భుజాన వేసుకున్న అమ్మాయి ఒక చేత్తో రాడ్డు పట్టుకుని భీమిలి వరకు నిలబడే వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న యువకులకు ఆమె కష్టం పట్టకపోవడానికి కారణం చెడ్డతనం కాదు, వారి చూపంతా బయట ఉంది. సముద్రపు గాలి, పైనుంచి దృశ్యం కావాలనుకునేవారి కోసం 2025 ఆగస్టులో ఆర్.కె. బీచ్ నుంచి తొట్లకొండ వరకు డబుల్ డెక్కర్ బస్సులు ప్రవేశపెట్టారు కదా, వారు వాటినెందుకు వాడుకోకూడదు? మాకున్నది ఈ ఒక్క బస్సే.

విశ్రాంత కండక్టరు:

ఇద్దరూ చెప్పినదాంట్లో నిజముంది కానీ, ఒక ముఖ్య విషయం ఇద్దరూ వదిలేశారు. ఏ ట్రిప్పు ఉంచాలి, ఏది తగ్గించాలి అన్నది తేల్చేటప్పుడు సీట్లు ఎంత శాతం నిండాయన్న ఓఆర్, కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందన్న ఈపీకే చూస్తారు. ఊళ్ల దారుల్లో ఉదయం, సాయంత్రం బస్సు కాలు పెట్టడానికి చోటు లేకుండా పోతుంది. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు వరకు అదే బస్సు ఏడెనిమిది మందితో తిరుగుతుంది. తీరం చూడబోయే పెద్దమనిషి ఆ వేళలో టికెట్టు కొని ఎక్కితే ఆ ట్రిప్పు నిలబడడానికి అతను సాయపడినట్టే. ఉదయం ఎనిమిదిన్నరకు ఎక్కితే మాత్రం తగరపువలస అమ్మాయి చెప్పినట్టు ఇంకొకరి చోటు తీసుకున్నట్టే. కాబట్టి ఎక్కాలా వద్దా అని వాదించేకన్నా ఎప్పుడు ఎక్కాలన్నది మాట్లాడుకోవడం మేలు.

భీమిలి జాలరి ఆడపడుచు:

ఉప్పు వాసన గురించి మధురవాడ నివాసి గారు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అయ్యా, మీరు తగరపువలస నుంచి దిగే బస్సు ఎక్కారు. పొద్దున్నే మా వాళ్లు గంపలతో భీమిలి నుంచి ఎక్కి తగరపువలసలో దిగిపోతే, అదే బస్సు వెనక్కి వస్తుంది. వెనక తలుపు దగ్గర నేల మీద కారిన ఐసు నీళ్లు ఆరి మిగిలే వాసన అది. అందులో సముద్రపు గాలి కూడా కొంత ఉండవచ్చు, కాదనను. కానీ అది మొదట మా అమ్మ గంప వాసన.

మా అమ్మ ఇరవై ఏళ్లకు పైగా ఆ దారిలో చేపలమ్మింది. ఒడ్డున వేలం పాడుకుని, నెత్తళ్లు గంపలో, వంజరం దొరికిన రోజున అది విడిగా సత్తు బేసినులో సర్దుకుని, పైన తడి గోనె కప్పి, తల మీద చుట్టకుదురు పెట్టుకుని బస్సు కోసం నిలబడేది. బస్సు ఆగాక గంప పైకెక్కించడానికి ఒక మనిషి సాయం కావాలి. "ఓ సెయ్యెయ్యి బాబూ" అని అడిగితే రోజూ వచ్చేవారు అడక్కముందే పట్టేవారు. వారిలో మాస్టార్లు ఉన్నారు, కూలీలు ఉన్నారు. ఆ నీళ్లు తమ చెప్పులకు అంటుతాయని వారెవరూ అనలేదు.

ఒక సెలవు రోజున సముద్రం చూసి తిరిగి వెళ్తున్న ఒక బృందం ఆ గంప వాసన భరించలేమని, దించేయమని పట్టుబట్టారు. ఎవరూ దించలేదు. మా అమ్మే గొడవెందుకని దారిలో దిగిపోయింది. తర్వాతి బస్సు వచ్చేసరికి ఎండ ముదిరింది, ఐసు కరిగింది, ఆ రోజు సరుకు సగం ధరకు పోయింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది, మర పడవలు కదలవు. కడుపు నింపేది మిగిలిన పది నెలల సంపాదనే కనుక ఒక్క రోజు సరుకు పోవడం చిన్న నష్టం కాదు.

నేను ఎవరినీ రావద్దని అనడం లేదు. మీరు వచ్చి సముద్రం చూసి సంతోషిస్తే మాకూ సంతోషమే. అయితే ఆ బస్సులో గంపకు మీకన్నా ముందు హక్కుందని ఒప్పుకుని ఎక్కండి. వెనక తలుపు పక్కన రెండు గంపలు పట్టేంత చోటు విడిచి, కింద ఒక రేకు పరిస్తే నీళ్లు సీట్ల కిందికి పారవు. పెద్ద ఖర్చేమీ కాదు. దీని గురించి ఎవరైనా అర్జీ రాస్తే నేను మొదటి సంతకం పెడతాను.

మధురవాడ నివాసి:

అమ్మా, మీరు రాసింది మా నాన్నగారికి చదివి వినిపించాను. ఆ వాసన గురించి నేను అందంగా రాసుకున్నానే తప్ప అది ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించలేదు. ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ రోజు వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు కూడా కిటికీ సీటు నాదే. నా పక్కన ఎవరు నిలబడ్డారో ఇప్పుడు ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు. చామంతుల మూట గుర్తుంది, నది గుర్తుంది.

అందరూ ఊళ్ల బస్సే ఎక్కాలన్న నా మాటను సవరించుకుంటున్నాను. సెలవు దినాల్లో గుంపులుగా ఎక్కకూడదు, వేళ మధ్యాహ్నమై ఉండాలి, నిలబడ్డవారికి సీటివ్వాలి, గంపకు చేయి వేయాలి. ఇవి పాటించగలిగినవారికే ఆ దారి చెబుతాను. డబుల్ డెక్కర్ సంగతికి వస్తే, అది తొట్లకొండ దాకానే వెళ్తుంది. గోస్తనీ నది, చిట్టివలస అందులోంచి కనబడవు కనుక ఒకదానికి ఇంకొకటి బదులు కాదన్న మాట మీద మాత్రం నేను నిలబడతాను. అర్జీ నేను రాస్తాను, రేకు విషయంతో పాటు.

తగరపువలస ఉద్యోగిని:

అర్జీలో ఇంకొక మాట చేర్చండి. కార్తిక మాసపు ఆదివారాల్లో ఉదయం వేళ తగరపువలస నుంచి భీమిలికి అదనంగా ట్రిప్పులు వేయాలని అడగండి. ఎంత మంచి మనసుతో వచ్చినా వనభోజనాలకు వెళ్లేవారు మధ్యాహ్నం రెండింటికి బయలుదేరరు, చెట్టు కింద పొయ్యి వెలిగించాలంటే పొద్దున్నే రావాలి. అదనపు బస్సులు వేసేవరకు ఆ నాలుగైదు ఆదివారాల మటుకు నా అభ్యంతరం అలాగే ఉంటుంది. మామూలు రోజున మీ నాన్నగారితో మళ్లీ వస్తే మాత్రం, ఆయనకు ఎడమ వైపు కిటికీ సీటు నేనే ఇప్పిస్తాను.