ఆరేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి కూడా బైనరీ ట్రీ ప్రశ్నలేనా?

దిల్‌సుఖ్‌నగర్ బ్యాకెండ్: పన్నెండు రోజుల క్రితం అమీర్‌పేటలో మెట్రో మారి, రాయదుర్గంలో దిగి ఒక పెద్ద కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్ళాను. పేమెంట్స్ టీమ్‌లో ఉద్యోగం. ఆరేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. గంటన్నర కూర్చోబెట్టాక ఒకాయన వచ్చి నా ముందే రెజ్యూమే తెరిచి, రెండో పేజీ చూడకుండానే పక్కన పెట్టేశారు. "బైనరీ ట్రీని తిరగేసే కోడ్ బోర్డు మీద రాయండి" అన్నారు. డేటాని ఒక్కోచోట రెండు కొమ్మల వరకు చీలే చెట్టులా అమర్చేదే బైనరీ ట్రీ; దాని ఎడమ, కుడి కొమ్మల్ని తారుమారు చేయాలి. టెన్షన్‌లో నల్ కేస్, అంటే కొమ్మ ఖాళీగా ఉంటే ఏం చేయాలన్నది, మర్చిపోయాను. ఇరవై నిమిషాల్లో పంపించేశారు. ఇవాళ్టి వరకు ఫోన్ లేదు, మెయిల్ లేదు. నెట్ పోయి యాప్ మళ్ళీ ప్రయత్నిస్తే కస్టమర్ డబ్బు రెండుసార్లు కట్ కాకుండా ఎలా ఆపుతారని ఒక్క మాట అడిగి ఉంటే గంటసేపు చెప్పేదాన్ని. ఇది న్యాయమేనా?

పల్నాడు కోడర్: నేను తొమ్మిదేళ్ళుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను. మీ బాధ అర్థమైంది కానీ, ప్రశ్నని తప్పుపట్టకండి. పేమెంట్స్ చేశామని అందరూ రాస్తారు. కాస్త లోతుగా అడిగితే అది పక్క సీటువాళ్ళు చేసిన పనని తేలుతుంది. నేను నరసరావుపేటలో చదివాను, మా కాలేజీకి ఒక్క కంపెనీ కూడా రాలేదు. నాలుగు నెలలు రాత్రిళ్ళు ఈ ట్రీ ప్రశ్నలే చేసి ఉద్యోగం తెచ్చుకున్నాను. కాలేజీ పేరు అడగని ప్రశ్న అదొక్కటే.

టెస్టింగ్ మనిషి: మ్యాక్ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకునే హోమ్‌బ్రూ అనే టూల్ రాసిన మ్యాక్స్ హోవెల్‌ని గూగుల్ తీసుకోలేదు. ట్రీ తిరగేయలేకపోయానని 2015లో ఆయనే ట్విట్టర్‌లో రాశారు. పజిల్ ప్రశ్నలు టైమ్ వేస్ట్ అని గూగుల్‌లో హెచ్ఆర్ చూసిన లాజ్లో బాక్ 2013లోనే ఒప్పుకున్నారు.

పల్నాడు కోడర్: బాక్ అన్నది విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయనే రకం ప్రశ్నల గురించి. కోడింగ్ గురించి కాదు.

దిల్‌సుఖ్‌నగర్ బ్యాకెండ్: అన్నా, ఫ్రెషర్‌కి ఆ ప్రశ్న మేలే చేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ పక్క సీటువాళ్ళ పనా, నా పనా అని తేల్చాలంటే ఆ పని గురించే అడగాలి కదా? పోనీ, ప్రశ్న సంగతి వదిలేయండి. మీరు వద్దన్నవాళ్ళకి ఒక్క లైన్ మెయిల్ అయినా వెళ్తుందా?

పల్నాడు కోడర్: ఫీడ్‌బ్యాక్ ఫారం నింపి హెచ్ఆర్‌కి పంపేస్తాను. ఆ తర్వాత ఏమైందో తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ కనుక్కోలేదమ్మా. సోమవారం అడుగుతాను.