పాత చీర చుట్టిన గాజులకు లోపలి కొస ఊడిపోతోంది, ఏ జిగురు వాడాలి?

నమస్కారం. మాది తిరుపతి. మా అమ్మ వెంకటగిరి నూలు చీర మడతల దగ్గర చిరిగిపోయింది. జరీ బుటాలున్న చోటు ఇంకా కొత్తగానే ఉంటే పారేయడానికి మనసొప్పలేదు. ఆ గుడ్డను అర అంగుళం పీలికలుగా కత్తిరించి పాత ప్లాస్టిక్ గాజులకు చుడుతున్నాను. చూడ్డానికి చాలా బాగున్నాయి. నిలవడం లేదు, అదే బాధ.

మొదట చెక్కపనికి వాడే తెల్ల జిగురు పూసి ఒక రోజంతా నీడలో ఆరబెట్టాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు చెమటకు జిగురు మెత్తబడి, చేతికి తగిలే వైపు పీలిక కొస లేచింది. దారాలు ఒక్కొక్కటే బయటికొచ్చి జరీ పోగు చర్మానికి గీసుకుంటోంది. గాజును గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ అంటిస్తే వారం ఆగింది, అంతే. చెప్పులకు వేసే పసుపు జిగురు గట్టిగానే పట్టింది కానీ, పల్చటి నూలు కదా, పైకి మరకలు తేలాయి. గ్లూ గన్ వాడితే గడ్డలు కట్టింది, సన్న గాజైతే వేడికి వంకర తిరిగింది. జిగురు లేకుండా కొసను సూదితో కుట్టి చూశాను. ఊడలేదు గానీ పీలిక మొత్తం గాజు చుట్టూ జారుతోంది.

వచ్చే నెల మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి డజను గాజులు ఇవ్వాలి. అమ్మ చీర మనవరాలి చేతికి చేరాలని నా ఆశ.

ఇలాంటివి చేసే అక్కలు, అన్నలు చెప్పండి: చెమటకు మెత్తబడకుండా, పల్చటి నూలు మీద మరక తేలకుండా ప్లాస్టిక్‌కు పట్టే జిగురు ఏది?