తొండ గుడ్డు పెట్టని నేల అంటే ఏది?

గరువుపొలం: మొన్న ఆదివారం చీపురుపల్లి దగ్గర మా గరువులో, అదే మెట్ట పొలంలో, ఒక ఆడ తొండ గొయ్యి తవ్వుతూ కనబడింది. గంటసేపు కదలకుండా కూర్చుని చూశాను. గుడ్లు పెట్టి, మట్టి లాగి, మూతితో గుద్ది గుద్ది అణగగొట్టింది. అది వెళ్లాక చూస్తే తవ్విన జాడే లేదు. ఇరవై ఏళ్లుగా మావాళ్లు ఈ చెక్కని 'తొండ గుడ్డు పెట్టని నేల' అంటున్నారు. ఇప్పుడేటంటారు?

గరివిడి మాస్టారు: సామెతని అక్షరాలా పట్టుకోకూడదమ్మా. అయినా ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి చెప్తాను. తొండ గుడ్డుకి కోడిగుడ్డులా గట్టి పెంకు ఉండదు, తోలులాంటి పొర ఉంటుంది. చుట్టూ ఉన్న మట్టిలోంచి తడి పీల్చుకుని గుడ్డు ఉబ్బుతుంది. తడి లేకపోతే ముడుచుకుపోతుంది. భూసార పరీక్షలు లేని రోజుల్లో పెద్దలు దీన్ని కనిపెట్టే ఆ మాట అన్నారు. ఇక నువ్వు చూసిందంటావా, ముందురోజు వాన పడింది. ఒక్క వానకి గరువు పల్లం అయిపోదు.

పలాస జీడిపప్పు: ఫొటో ఏదండీ? తల ఎర్రగా ఉంటే అది ఊసరవెల్లి. తొండ ముదిరితే అదే.

బొబ్బిలి కుర్రాడు: ముదరదు గురూ. రెండూ వేరు వేరు కుటుంబాలు. జతకట్టే కాలంలో మగ తొండకి తల, గొంతు ఎర్రబడతాయి, అంతే. ఊసరవెల్లికి కళ్లు చెరో వైపు తిరుగుతాయి, తోక కొమ్మకి చుట్టుకుంటుంది.

పలాస జీడిపప్పు: అంటే మా తాత అబద్ధం చెప్పాడంటావా?

గరువుపొలం: మాస్టారూ, జవాబు మీ మాటలోనే ఉంది. ధార్వాడ్‌లో కర్ణాటక్ విశ్వవిద్యాలయం వాళ్లు సరిగ్గా మన తొండ మీదే పరిశోధన చేశారు. గుడ్లు పెట్టడానికి అనువైన చోటు దొరక్కపోతే తొండ వాటిని నెలల తరబడి కడుపులోనే ఉంచుకుంటుంది. లోపల పిండం ఒక దశ దాకా ఎదిగి అక్కడ ఆగిపోతుంది. చోటు దొరికాక పెడుతుంది. మరి ఎండాకాలంలో వచ్చి చూసి, గుడ్డు లేదని నేలకి పేరు పెట్టేస్తే ఎలా? వాన రాకపోవడం నేల తప్పా?

గరివిడి మాస్టారు: ప్రయోగశాలలో ఉంచిన తొండ వేరు, పొలంలో తొండ వేరు. తడి ఒక్కటే కాదు, మట్టి వేడి కూడా చూడాలి. ఆస్ట్రేలియాలో గడ్డం డ్రాగన్ అని మన తొండ కుటుంబానిదే ఒకటుంది. గుడ్లు పొదిగే వేడి 32 డిగ్రీలు దాటితే మగ క్రోమోజోములున్న పిండం కూడా ఆడదై పుడుతుంది. బయట అడవిలోనూ అలాంటివి ఉన్నాయని 2015లో నేచర్ పత్రికలో వచ్చింది. నేల గుణం అంటే అదీ.

బొబ్బిలి కుర్రాడు: ఆ లెక్క మన తొండకి కుదరదు మాస్టారూ. దానికి ఆడా మగా తేడా చూపించే క్రోమోజోములే విడిగా కనబడవు.

గరివిడి మాస్టారు: నాకు పాఠం చెప్పొద్దు బాబూ. ఆవిడ అడిగింది తొండ గురించి కాదని నీకు అర్థం కాలేదు. పెళ్లై వెళ్లిన పిల్లలు సంవత్సరానికోసారి వచ్చి పొలం గట్టు మీద ఫొటోలు తీసుకుంటే వ్యవసాయం అయిపోదు.

పలాస జీడిపప్పు: ఆ ఫొటోయే కదా అడుగుతున్నాను.

గరువుపొలం: ఇంతసేపూ మాస్టారూ అంటున్నాను గానీ మీరెవరో నాకు తెలుసు చిన్నాన్నా. పంపకాల రోజు మా వీధి అరుగు మీద కూర్చుని, 'చెరువు కింద పల్లం మగపిల్లలకి, తొండ గుడ్డు పెట్టని గరువు ఆడపిల్లకి, సరిపోయింది' అన్నది మీరే. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నేను లోపల టీ కలుపుతున్నాను.

బొబ్బిలి కుర్రాడు: …

గరివిడి మాస్టారు: అన్నాను. కానీ కొలతలో ఒక్క సెంటు తగ్గిందా? మన రాష్ట్రంలో 1985 నుంచే ఆడపిల్లకి సమాన వాటా. ఆ ప్రకారమే ఎకరా నలభై సెంట్లు నీ పేరున రాయించాను. అప్పట్లో ఎంతమంది పెద్దమనుషులు ఆ పని చేశారు?

గరువుపొలం: సెంట్ల సంగతి కాదు చిన్నాన్నా. చెరువు నీళ్ల సంగతి. మీ సామెత విని, ఆ పొలం కౌలుకి తీసుకోడానికి కూడా ఎవడూ రాలేదు. ఇరవై ఏళ్లు.

పలాస జీడిపప్పు: గొడవ సరే, గుడ్లు ఎన్ని?

గరువుపొలం: లెక్కపెట్టలేదండీ, అది చూస్తోంది. కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప వేసి వచ్చాను. నెలన్నర పోయాక మళ్లీ వెళ్తాను. ఫొటో అప్పుడు పెడతాను.

గరివిడి మాస్టారు: కంప మరీ దట్టంగా వేయకు. కాస్త ఎండ తగలనీ.