ప్రింట్ స్క్రీన్ నొక్కితే బొమ్మ ఎక్కడికి పోతోంది?

తిరుపతి కుర్రోడు:
అన్నా, బాలాజీ కాలనీలో మా మామ నెట్ సెంటర్‌లో రెండు వారాలుగా కూర్చుంటున్నా, విండోస్ 10 సిస్టమ్. నిన్న ఒకమ్మాయి పరీక్ష ఫీజు కట్టింది, డబ్బు కట్ అయింది గానీ రసీదు రాలేదు, తెర మీద ట్రాన్సాక్షన్ నంబరు మాత్రం ఉంది. ప్రింట్ స్క్రీన్ నొక్కి, సేవ్ అయిందనుకుని పేజీ మూసేశా. తర్వాత డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ అన్నీ వెతికితే ఏమీ లేదు. ఆ అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ, నాకు మామ తిట్లు. ఇంతకీ అది ఎక్కడ సేవ్ అవుతుంది?

చిత్తూరు అన్న:
ఎక్కడా అవదు తమ్ముడూ. ఉత్త ప్రింట్ స్క్రీన్ నొక్కితే బొమ్మ క్లిప్‌బోర్డులో, అంటే కాపీ చేసింది తాత్కాలికంగా ఉండే చోట, ఉంటుందంతే, పెయింట్ తెరిచి కంట్రోల్ వి కొట్టి నువ్వే సేవ్ చేయాలి, ఈలోపు ఇంకేదైనా కాపీ చేశావంటే పాతది పోతుంది. తర్వాత వచ్చిన మనిషి ఆధార్ నంబరు కాపీ చేసుంటావు, అక్కడే పోయింటుంది. విండోస్ కీ పట్టుకుని వి నొక్కితే పాతవీ కనిపిస్తాయి, కాకపోతే ఆ హిస్టరీ ముందే ఆన్ చేసి ఉండాలి.
ఇకమీదట విండోస్ కీ, ప్రింట్ స్క్రీన్ కలిపి నొక్కు. తెర ఒక్క క్షణం మసకేస్తుంది, పిక్చర్స్ లోపల స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో దానంతటదే పడుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ (Fn) కీ కూడా పట్టుకోవాలి.

మీసేవ అక్క:
కొంచెం ముక్కే కావాలంటే విండోస్, షిఫ్ట్, ఎస్. మౌస్‌తో గీసుకోవచ్చు, కానీ విండోస్ 10లో అదీ క్లిప్‌బోర్డుకే పోతుంది, మూలన వచ్చే నోటిఫికేషన్ నొక్కి సేవ్ చేయాలి.
రసీదులకైతే నేను స్క్రీన్‌షాట్‌ను నమ్మను. పేజీ పొడుగ్గా ఉంటే కింద సగం రాదు. కంట్రోల్ పి కొట్టి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే మొత్తం వస్తుంది, ఆ తర్వాతే పేజీ మూయి. ఫోన్‌తో తెరను ఫొటో తీసే పని మాత్రం పెట్టుకోవద్దు, చారలు పడి నంబరు చదవలేం. ఆ అమ్మాయికి బ్యాంకు మెసేజ్ చూసుకోమను, రెఫరెన్స్ నంబరు అందులోనైనా, స్టేట్‌మెంట్‌లోనైనా దొరుకుతుంది.

తిరుపతి కుర్రోడు:
మెసేజ్‌లో దొరికిందక్కా, బతికిపోయా. అన్న చెప్పిన ఫోల్డర్ తెరిస్తే నాకన్నా ముందు పనిచేసిన వాడు తీసినవి బోలెడు, ఎవరెవరివో ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు! మామకు చూపించి, ఇప్పుడు కూర్చుని అన్నీ పూర్తిగా పోయేలా షిఫ్ట్ డిలీట్ కొడుతున్నా.