చరిత్ర ఉపన్యాసంలో స్థలపురాణానికి చోటుందా?

శాసనప్రియ:
మొన్న ఒక గ్రంథాలయంలో కాకతీయుల మీద ఉపన్యాసం పెడితే వెళ్లాను. వక్త గంటలో సగం సేపు రామప్ప అనే శిల్పి జీవితమే చెప్పారు. ఎంత కష్టపడ్డాడు, రాజు ఎలా మెచ్చుకున్నాడు, అన్నీ పక్కనుండి చూసినట్టే. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఇది ఎక్కడ రాసి ఉందని అడిగితే, తరతరాలుగా చెప్పుకుంటున్నారని జవాబు. రామప్ప గుడి అని మనం పిలిచే పాలంపేట గుడి శాసనంలో ఉన్నది కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు. ఆయన గణపతిదేవుడి సేనాని. సంవత్సరం 1213. రామప్ప ఊసు అందులో లేదు. వెనక వరసలో డిగ్రీ పిల్లలు ఆ కథంతా నోట్సు రాసుకుంటుంటే నాకు భయమేసింది. ఆధారం చూపలేని మాట ఇలాంటి సభల్లో చెప్పకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

చెరువుగట్టు:
ఒప్పుకోను. శాసనం వేయించుకునే స్తోమత ఎవరికుండేది? రాజుకి, సేనానికి, దానం ఇచ్చిన వర్తకుడికి. ఉలి పట్టుకున్నవాడికి లేదు. జనం ఆ గుడిని దేవుడి పేరుతోనో కట్టించినవాడి పేరుతోనో కాకుండా శిల్పి పేరుగా నమ్మిన పేరుతో పిలుస్తూ వచ్చారు. 2021లో యునెస్కో జాబితాలో చేరినప్పుడు కూడా రుద్రేశ్వరాలయం పక్కన రామప్ప ఉండనే ఉంది. ఆ శిల్పి నిజంగా ఉన్నాడో లేడో తేల్చలేం. పనివాడికి గౌరవం దక్కాలని మనవాళ్లు కోరుకున్నారన్నది మాత్రం నిజం. అదీ చరిత్రే.

ఇంకో మాట. ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ల తోటివాళ్లు ఊరూరా సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, తీసి చూడండి. ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ దేవత ఎవరికి కలలో కనిపించింది, అన్నీ కలిసే ఉంటాయి. కథలున్నాయని వాటిని పారేసి ఉంటే ఎన్నో ఊళ్ల గురించి మనకు ఒక్క ముక్క కూడా మిగిలేది కాదు.

శాసనప్రియ:
కైఫీయతు చదివేవాడికి అది కైఫీయతని తెలుసు. సభలో కూర్చున్నవాడికి ఆ సంగతి ఎవరు చెప్పారు? నా బాధంతా అక్కడే.

రాతిపలక:
శాసనప్రియ గారూ, మీవైపే ఉంటూ ఒక హెచ్చరిక. రుద్రమదేవి 1295 దాకా పాలించిందని చాలాకాలం పుస్తకాల్లో ఉండేది. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం దొరికాక ఆ లెక్క మారిపోయింది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం భూమి దానం చేశారని అందులో ఉంది. అంతవరకే. ఎలా చనిపోయారో లేదు. ఆమె మీద తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో అన్నది చరిత్రకారుల ఊహ. బలమైన ఊహే, కాదనను. కానీ ఎంతమంది వక్తలు అది ఊహని చెబుతున్నారు? కత్తి దెబ్బ దాకా వర్ణించేస్తారు. శాసనం పేరు చెప్పి కథ నడిపేవాళ్లతో నాకు ఇంకా ఎక్కువ టెన్షన్, ఎందుకంటే వాళ్లని ఎవరూ ప్రశ్నించరు.

బడిపంతులు:
ఎనిమిదో తరగతి పిల్లల్ని లేపాక్షి తీసుకెళ్లాను. పడిపోయిన జటాయువును రాముడు 'లే పక్షీ' అన్నాడనే కథ చెప్పాను. విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో ఆయన అధికారి విరూపణ్ణ గుడి కట్టించిన సంగతీ చెప్పాను. మొదటిది చెప్పేటప్పుడు 'అంటారు', రెండోది చెప్పేటప్పుడు 'శాసనాల్లో ఉంది' అని నొక్కి పలికాను. విరూపణ్ణ తన కళ్లు తానే పీకి విసిరాడంటూ చూపించే గోడ మరకల దగ్గరికి రాగానే ఒక పాప చెయ్యెత్తింది. 'సార్, ఇది అంటారా, ఉందా?' అంది. ఆ పాపకి నేను చెప్పాల్సింది ఇంకేమీ మిగల్లేదు. కథ తీసేసి ఉంటే ఆ ప్రశ్న పుట్టేది కాదు.

శాసనప్రియ:
పంతులుగారూ, కథ అసలు వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాతిపలక గారు అన్నదీ ఒప్పుకుంటాను, ఊహని ఊహ అనే చెప్పాలి. కానీ అరగంట శిల్పి కథ చెప్పి శాసనానికి రెండు నిమిషాలు కూడా ఇవ్వకపోవడం ఇప్పటికీ తప్పే అంటాను. వచ్చే నెల ఉపన్యాసానికి పాలంపేట శాసన పాఠం, దాని తెలుగు తాత్పర్యం ఒక కాగితం మీద వేసి అందరికీ పంచమని నిర్వాహకుల్ని అడిగాను. జిరాక్సు ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను. తాత్పర్యం సరిచూసి పెట్టేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

రాతిపలక:
పంపండి, నేను చూస్తాను.